ఆఖరి వరస కోటు

"ఊళ్ళోవాళ్ళ కోట్లన్నీ మోస్తావు, మా చెల్లికి ఒక్క కోటు కొనలేవా బావా?"

బావమరిది ఈ మాట అడిగింది నలుగురిలో, భోజనాల బల్ల దగ్గర, గిన్నెల్లో గరిటెలు ఆగిపోయేటంత గట్టిగా. చివర్న "బావా" అని తగిలించాడు కాబట్టి దాన్ని వేళాకోళం కింద జమకట్టాలి. అందరూ అలాగే జమకట్టి నవ్వారు. అడిగించుకున్నాయన కూడా నవ్వాడు. నవ్వకపోతే నిజమని ఒప్పుకున్నట్టవుతుంది. భార్య మాత్రం నవ్వలేదు. "నాకేం చలి వెయ్యట్లేదులే అన్నయ్యా" అని లేచి, మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళి అక్కడ దగ్గింది. ఆ దగ్గు గోడ దాటి అందరికీ వినపడింది.

ఆయన్ని పనిచేసే చోట కొక్కేలాయన అంటారు. సంగీత కచేరీలు జరిగే పెద్ద హాల్లో, మెట్ల కింద ఉండే కోట్ల గది ఆయనది. చలికాలంలో జనం ముసుగుదొంగల్లా వచ్చి, కోట్లు, శాలువాలు, మఫ్లర్లు విప్పి కౌంటరు మీద పడేస్తారు. ఆయన ఒక్కొక్కదానికీ ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చి, అదే నంబరున్న కొక్కేనికి తగిలిస్తాడు. కచేరీ అయ్యాక అందరూ ఒక్కసారే మీద పడతారు. అప్పుడు ఎవరి కోటు వాళ్ళకి అందించాలి. అంతే పని. వెనకటి రోజుల్లో కలప అడితిలో దుంగలు మోసేవాడు. నడుం పట్టేసి ఆ పని మానేశాక, ఎవరో సెలవు పెడితే వారం రోజుల బదిలీ పని మీద ఇక్కడికి వచ్చాడు. సెలవు పెట్టినాయన మళ్ళీ రాలేదు. ఈయన మళ్ళీ వెళ్ళలేదు.

"మా బావ చేతికింద కోట్లు మూలుగుతుంటాయి" అని బావమరిది కొత్తవాళ్ళకి పరిచయం చేసేవాడు. ఆ పాత జోకుకి కొక్కేలాయన ఏనాడూ నొచ్చుకోలేదు. పైపెచ్చు కోట్ల గురించి తనకు తెలియనిది లేదని నిజంగానే నమ్మేవాడు. ఇంట్లో ఎవరు స్వెటర్ కొన్నా పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి, బట్టని వేళ్ళతో నలిపి, పెదవి విరిచి, "పనికిరాదు" అని తీర్పు చెప్పేవాడు.

ఆ తీర్పు దేన్ని బట్టో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఆయన లెక్కలో మంచి కోటంటే మెడ దగ్గర కుట్టిన నాడా తెగనిది. కొక్కేనికి తగిలించేది ఆ నాడాతోనే కదా. అది తెగితే కోటు జారి కింద పడుతుంది, దుమ్ము అంటుతుంది, దొరగారు వచ్చి అరుస్తారు. తర్వాత, పైబట్ట నున్నగా ఉండాలి. లేకపోతే నూగు రాలి పక్క కోటుకి అంటుకుంటుంది. తడిస్తే గుడ్డతో తుడిచెయ్యగలిగేలా ఉండాలి. ఇవన్నీ కొక్కేనికి కావలసిన సుగుణాలు. ఒంటికి కావలసినవి వేరు. ఏళ్ళ తరబడి కొక్కెం తరఫున ఆలోచించిన మనిషికి ఈ తేడా తట్టలేదు.

భార్య లాండ్రీలో పనిచేస్తుంది. హోటళ్ళ దుప్పట్లు, కర్టెన్లు ఆవిరి యంత్రం మీద ఇస్త్రీ చెయ్యడం. లోపల పొయ్యి మీద కూర్చున్నట్టుంటుంది. పల్చటి నూలు చొక్కా కూడా ఒంటికి అతుక్కుపోతుంది. పని అయ్యాక, ఆ చెమటతోనే బయటికొచ్చి, వంతెన మీదుగా నడిచి ఇల్లు చేరాలి. వంతెన మీద గాలి మనిషి మంచీ చెడ్డా చూడదు. ఆవిడ రెండు స్వెటర్లు, వాటిమీద ఒక శాలువా వేసుకునేది. స్వెటర్లలో ఒకటి ఆడపడుచు స్వయంగా అల్లి ఇచ్చింది. ప్రేమతో అల్లిన స్వెటర్ వెచ్చగా ఉంటుందని అంటారు. ఉండదు. మంచి ఉన్నితో, దగ్గరగా అల్లిన స్వెటర్ వెచ్చగా ఉంటుంది. ఆడపడుచు ప్రేమ ఎక్కువైంది గానీ ఉన్ని తక్కువైంది. ఆ అల్లికలోంచి అవతల వీధి కనపడేది.

బావమరిది ప్రశ్న తర్వాత వచ్చిన మొదటి సెలవురోజు కొక్కేలాయన భార్యని వెంటబెట్టుకుని బట్టల కొట్టుకి వెళ్ళాడు. కొట్టతను పెద్ద సైజువీ చిన్న సైజువీ పదిరకాలు పరిచాడు. కొక్కేలాయన వాటి మొహం కూడా చూడకుండా కాలరు తిరగేసి, నాడా పట్టుకుని గట్టిగా గుంజడం మొదలుపెట్టాడు. మూడోది చేతికి ఊడొచ్చింది.

"ఏంటి సార్, కోటు కొంటారా, ఉరి తీస్తారా?" అన్నాడు కొట్టతను.

"నాడాలో తెలిసిపోతుంది బాబూ, సరుకు ఏపాటిదో."

భార్య ఈలోగా ఒక మూలనున్న గోధుమరంగు ఉన్ని కోటు తొడుక్కుని, అద్దం ముందు చేతులు పైకెత్తి చూసుకుంటోంది. "ఇది బావుందండీ. తేలిగ్గా ఉంది. లోపల ఒక స్వెటర్ పడుతుంది. చేతులు ఎత్తనిస్తోంది."

"చేతులెత్తడానికి నువ్వేమన్నా లొంగిపోతున్నావా? విప్పు. నాడా చూడు, దారప్పోగులా ఉంది."

"నేను వేసుకోవాలి కదండీ..."

"రోజూ కోట్లు చూసేవాణ్ణి నేనా, నువ్వా?"

ఆవిడ విప్పేసింది. ఆయన ఎంచింది నల్లటి, నిగనిగలాడే కోటు. లోపల రబ్బరు పూత. నాడా తోలుది. దానికి మేకపిల్లని కట్టేసినా తెగదు. ధర ఎక్కువే అయినా బావమరిది మొహం గుర్తొచ్చి బేరం కూడా ఆడలేదు. ఇంటికొచ్చేదాకా సంచి ఆయనే మోశాడు, పతకం మోసినట్టు.

ఆ కోటు గాలిని లోపలికి రానివ్వదు. నిజమే. ఒంట్లో చెమటని బయటికీ పోనివ్వదు. లాండ్రీ నుంచి వంతెన దాకా ఉడికి, వంతెన ఎక్కాక ఆ తడి అంతా చల్లబడి, ఆవిడ ఇంటికొచ్చేసరికి తడిగుడ్డ చుట్టుకున్నట్టు వణికిపోయేది. "లోపల వాన కురుస్తోందండీ" అంది మొదటిరోజు. "కొత్తలో అలాగే ఉంటుంది, వాడగా వాడగా సర్దుకుంటుంది" అన్నాడు ఆయన. సర్దుకోలేదు. దగ్గు గొంతులోంచి ఛాతీలోకి దిగింది. వారం తిరక్కుండానే ఆవిడ మళ్ళీ పాత స్వెటర్లలోకి వెళ్ళిపోయింది. నల్లకోటు తలుపు వెనక మేకుకి వేలాడింది. అక్కడ మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

"తగిలించుకోవడానికి బావుందండీ" అంది ఆవిడ, ఎత్తిపొడుపు లేకుండా. "తొడుక్కోవడానికే..."

ఆ సగం మాట ఆయన్ని రోజుల తరబడి గుచ్చింది. కొట్టుకి తిరిగి తీసుకెళితే కొట్టతను నవ్వి, వాడిన సరుకు వాపసు లేదన్నాడు. మరో కోటుకి డబ్బు లేదు. అన్నిటికంటే మించి, తనకు తెలుసని ఇన్నాళ్ళూ చెప్పుకున్న ఒక్క విషయమూ తనకు తెలియదని తేలింది. మనిషికి ఆస్తి పోతే పదిమందికి చెప్పుకుని ఏడవొచ్చు. ఇది చెప్పుకునే నష్టం కాదు.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం హాలు వేడిచేసే యంత్రం ఆగిపోయింది. కచేరీ రద్దయింది. మరమ్మతు చేసేవాళ్ళు వచ్చేదాకా గదిలోనే ఉండమని మేనేజరు చెప్పి తన మానాన తాను వెళ్ళిపోయాడు. గోడల్లోంచి చలి పుడుతోంది. తన అరిగిన పాతకోటుకి ఆ చలి ఆగక, ఒంటరిగా కాసేపు చేతులు రుద్దుకుని, అటూ ఇటూ తిరిగి, చివరికి కొక్కేలాయన ఆఖరి వరసలోకి వెళ్ళాడు.

ఆఖరి వరస అంటే మరచిపోయిన కోట్ల వరస. జనం గొడుగులు మరచిపోయినట్టే కోట్లూ మరచిపోతారు. ఆ హాల్లో ఒక పద్ధతి ఉంది. చలికాలం ముగిసి వేడియంత్రం ఆపేసే రోజుదాకా వాటిని ముట్టుకోకూడదు. ఆ రోజుకీ ఎవరూ రాకపోతే పనివాళ్ళంతా చీట్లు వేసి పంచుకుంటారు. అప్పటిదాకా అవి పరాయి సొత్తు.

వేసుకుని విప్పేస్తే ఎవరికి నష్టం? ముందు బొచ్చు కాలరున్న బరువైనది వేసుకున్నాడు. రాజసంగా ఉంది గానీ భుజాలు లాగేశాయి. కింద గొడుగులా తెరుచుకుని కాళ్ళకి గాలి తోలింది. దూది కుక్కినది వేసుకున్నాడు. లావుగా, పరుపులా ఉంది. ఎప్పుడో తడిసిన దూది గడ్డకట్టి, వీపు మీద ఖాళీలు మిగిలాయి. చివరికి, తాను ఇన్నాళ్ళూ విసుక్కుంటూ కాలరు పట్టి వేలాడదీస్తున్న ఒక కోటు చేతికి తగిలింది. గోధుమరంగు ఉన్నిది, తేలిక. నాడా తెగిపోయింది. గుండీల్లో ఒకటి వేరే రకం, మిగతావాటి మధ్య పరాయి పిల్లలా ఉంది. ఇలాంటి కోట్లని ఆయన మనసులో ఏనాడో కొట్టిపారేశాడు.

తొడుక్కుంటే కాసేపు ఏమీ తెలియలేదు. తర్వాత నెమ్మదిగా, ఎవరో పక్కన వచ్చి కూర్చున్నట్టు, వెచ్చదనం వచ్చింది. మణికట్టు దగ్గర కోటు చేతులు మూసుకుని ఉన్నాయి. మెడ దగ్గర సందు లేదు. మధ్యలో మాత్రం ఒంటికీ కోటుకీ నడుమ ఒక స్వెటర్ పట్టే జాగా. ఆ జాగాలో నిలిచిన గాలే వెచ్చబడుతోంది. మరమ్మతువాళ్ళు వచ్చాక యంత్రాలు మొయ్యడంలో సాయం చేస్తూ ఆయన దాన్ని విప్పలేదు. చెమటపట్టింది. ఉన్ని దాన్ని పీల్చుకుంది గానీ ఒంటి మీద చల్లబడనివ్వలేదు. కొట్టులో భార్య చేతులెత్తి చూసుకున్నది ఇలాంటిదే. ఆవిడ అద్దం ముందు నిలబడ్డ కాసేపట్లో తెలుసుకున్నది ఆయనకి ఇప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం కోటు ఆయన సంచిలో ఇంటికి వెళ్ళింది. సంజాయిషీలు దారిలో కుదిరాయి. ఎవరూ రాలేదు. రారు కూడా. ఎలాగూ చీట్లు వేసుకునేదే. చీటీ కాస్త ముందు తీస్తున్నాననుకుంటే సరి. మనిషి తప్పు చెయ్యబోయేటప్పుడు తనకు తాను పెట్టుకునేటంత గొప్ప వకీలు లోకంలో ఇంకెక్కడా దొరకడు.

"పాత బట్టల కొట్లో దొరికింది" అన్నాడు భార్యతో. "నాడా తెగింది, అందుకే చవగ్గా ఇచ్చాడు."

ఆవిడ తొడుక్కుంది. చేతులెత్తింది, వంగింది, వీధి చివరిదాకా నడిచి వెనక్కి వచ్చింది. ముక్కు ఎర్రగా, కళ్ళు మెరుస్తూ గుమ్మంలో నిలబడి, "ఈసారి నాడా చూడలేదా?" అంది.

"లేదు."

"బాగుపడ్డారు!" అని పకపకా నవ్వింది. చాన్నాళ్ళకి దగ్గు అడ్డం రాని నవ్వు. ఆ తర్వాత కూర్చుని, తన పాత లంగా అంచులోంచి నీలం గుడ్డ కత్తిరించి, మెడ దగ్గర కొత్త నాడా కుట్టింది. "మీ కళ్ళకి లోటుగా కనిపించకుండా" అంది సూదిలోంచి తలెత్తకుండానే.

దొంగసొమ్ము ఒంటికి పట్టదంటారు. శుభ్రంగా పట్టింది. దగ్గు తగ్గింది. ఆవిడ వంతెన మీద నిలబడి తోటి ఇస్త్రీ ఆవిడతో కబుర్లు చెప్పేదాకా వచ్చింది. బావమరిది కూడా కోటు తడిమి, "ఫరవాలేదు బావా, నీకూ బుర్ర ఉంది" అన్నాడు. కొక్కేలాయన ఈసారి నవ్వలేకపోయాడు. వీధిలో ఎవరైనా ఆ కోటువైపు రెండోసారి చూస్తే, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు.

ఒక సాయంత్రం, కచేరీకి ఇంకా వేళ ఉండగానే, చేతికర్రతో ఒక పెద్దావిడ కౌంటరు దగ్గరికి వచ్చింది. పల్చటి శాలువా, ఎముకల మీద చర్మం. చేతిసంచిలో వెతికి ఇత్తడి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ రోజు పాట మధ్యలో పడిపోయాను నాయనా. నన్ను మోసుకుపోయారు గానీ కోటుని ఎవరు మోస్తారు? ఇన్నాళ్ళూ ఆసుపత్రిలోనే. ఇవాళే బయటికి రానిచ్చారు."

బిళ్ళ మీద నంబరు చూడక్కర్లేకుండానే కొక్కేలాయనకి తెలిసిపోయింది. మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. "వెనక వరసలో ఉంటుందమ్మా" అని, లోపలికి వెళ్ళి, పరాయి కోట్ల చేతుల మధ్య నిలబడ్డాడు. కొక్కెం ఖాళీగా ఉంది. అది ఖాళీగా ఉంటుందని ఆయనకి తెలుసు. అయినా చూశాడు.

"రేపు రాగలరా అమ్మా? కొంచెం వెతకాలి."

"రేపు నన్నెవరు తీసుకొస్తారు? ఇవాళంటే పక్కింటావిడ బండిలో తెచ్చింది. బయట కాచుకుని ఉంది. నువ్వు వెతుకు, నేను కూర్చుంటాను. నాకేం తొందర లేదు." బల్ల ముందున్న కుర్చీలో కూర్చుని, కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుంది.

ఆయన వెతకడం మొదలుపెట్టాడు. లేదని తెలిసినదాన్ని వెతకడం కంటే సిగ్గుమాలిన పని ఉండదు. అందులోనూ ఒక ముసలమ్మ చూస్తుండగా. అలా మొదటి వరస వెతుకుతుండగా పక్క తలుపు తోసుకుని, ఉతికిన కర్టెన్ల బండితో లాండ్రీ మనిషి వచ్చింది. హాలు కర్టెన్లు ఉతికేది ఆయన భార్య పనిచేసే లాండ్రీయే గానీ, ఎప్పుడూ తెచ్చేది వేరే ఆవిడ. ఇవాళ వచ్చింది భార్యే. ఒంటి మీద గోధుమరంగు కోటు.

"రోజూ వచ్చే ఆవిడకి జ్వరమండీ, నన్ను పంపారు" అని, పెద్దావిడని చూసి, "అయ్యో, పెద్దమ్మగారు వణికిపోతున్నారు. ఆ కుర్చీ కాస్త వెచ్చగా ఉన్న చోటికి జరపకూడదూ?" అంది. తనే జరిపింది కూడా. జరపడానికి వంగినప్పుడు పెద్దావిడ చూపు కోటు గుండీల మీద పడి, అక్కడే ఆగింది.

"కోటు బావుందమ్మాయ్. ఎక్కడ కొన్నావు?"

"మా ఆయనే కొన్నారండీ. ఇదిగో, వీరే." భార్య మొహం వెలిగింది. "పాత బట్టల కొట్లన్నీ తిరిగి తెచ్చారు. దీంతో నా దగ్గు పోయిందంటే నమ్మండి."

"ఈ గుండీ ఒక్కటీ వేరేగా ఉందే."

"పాతది కదండీ. ఎవరో పాపం, ఊడిపోతే దొరికిందేదో కుట్టేసుకున్నట్టున్నారు. మారుద్దామనుకుంటున్నాను."

"మార్చకు" అంది పెద్దావిడ. తర్వాత కౌంటరు వెనకకి చూసింది. కోపంగా కాదు. సరుకు వెల చూసి, మనకు అందదులే అనుకునే మనిషిలా చూసింది. "బాగా ఎంచావు నాయనా" అని కర్ర ఆనించి లేచింది. "ఇక వెతక్కులే. ఆ బిళ్ళ నీ దగ్గరే ఉండనీ."

ఆవిడ తలుపు దాటింది. కొక్కేలాయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. నోరు మెదపకపోతే ఇది ఇక్కడితో ముగిసిపోతుంది. ముసలావిడ ఎవరికీ చెప్పే మనిషిలా లేదు. భార్యకి తెలియదు. కోటు దక్కుతుంది, ఉద్యోగం దక్కుతుంది, భార్య మొహంలో ఆ వెలుగూ దక్కుతుంది.

"పాపం, ఏం పోగొట్టుకుందండీ?" అంది భార్య.

"కోటు."

"ఎలాంటిది?"

అబద్ధానికి రంగు వెతుక్కున్నాడు. నలుపు అందామనుకున్నాడు. "గోధుమరంగు" అన్నాడు. "ఉన్నిది. నాడా తెగింది."

ఆవిడ చెయ్యి దానంతటది గుండీ మీదికి వెళ్ళింది. ఆయన తల వంచుకుని, "ఒక గుండీ వేరేది" అన్నాడు.

తల కొట్టేసినట్టయిందంటారే, ఆ మాటకి అర్థం ఆయనకి ఆ క్షణాన బోధపడింది. భార్య జేబుల్లోంచి తన రుమాలు, ఇంటి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. కోటు విప్పి చేతి మీద వేసుకుని, పల్చటి నూలు చొక్కాతో బయటికి పరిగెత్తింది.

ఆయన తలుపు అద్దంలోంచి చూశాడు. బండి ఎక్కబోతున్న పెద్దావిడని ఆపి, భార్య కోటు పట్టుకుని నిలబడింది. పెద్దావిడ వద్దంటుందనీ, "ఉంచుకో తల్లీ" అని దీవిస్తుందనీ అనుకునేవాళ్ళుంటారు. అలాంటిదేమీ జరగలేదు. ఆవిడకీ చలేస్తుంది. చేతులు చాచింది, తొడిగించుకుంది, గుండీలు పెట్టించుకుంది. మెడ దగ్గర ఏదో తగిలి, వేలితో లాగి చూసి అడిగింది. భార్య ఏదో చెప్పింది. పెద్దావిడ తల ఊపి, నీలం నాడాని లోపలికి మడుచుకుని బండెక్కింది.

భార్య తిరిగొచ్చి కర్టెన్లు దింపింది, ఖాళీ బండి తిప్పింది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఆయన గబగబా మేకు మీది తన సొంత కోటు తీసి పట్టుకున్నాడు. పాతది, మోచేతుల దగ్గర అరిగింది, పెళ్ళికి ముందునుంచీ ఉన్నది.

"ఇది వేసుకుని వెళ్ళు."

"వద్దు. అదెవరిదో."

"నాదే. నీకు తెలీదా?"

"ఏమోనండీ" అంది ఆవిడ. "నాకేం తెలుసు?" అని బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

పెద్దావిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏదో ఒక శిక్ష పడేది, అనుభవించేవాడు. ఆవిడ ఇప్పటికీ కచేరీలకి వస్తుంది. కోటు మాత్రం కౌంటరులో ఇవ్వదు. ఒళ్ళో పెట్టుకుని, వేడి హాల్లో ఉక్కబోస్తున్నా అలాగే పాట వింటుంది. లోపలికి పోతూ కౌంటరు వైపు మర్యాదగా తల పంకిస్తుంది. కొక్కేలాయన కూడా పంకిస్తాడు. వరసలోని మిగతావాళ్ళు ఆవిడకి చాదస్తమనుకుంటారు. చలికాలం ముగిసి చీట్లు వేసిన రోజున కొక్కేలాయన తన పేరు తీసెయ్యమన్నాడు. "ఏమయ్యా, బావమరిది కొనిపెట్టాడా?" అని మేనేజరు ఎగతాళి చేశాడు. కొక్కేలాయన చీట్ల డబ్బా పక్కవాడికి అందించాడు.

ఇంట్లో పెద్ద గొడవేమీ జరగలేదు. జరిగితే బావుండునని ఆయన చాలాసార్లు అనుకున్నాడు. ఆవిడ ఆ మర్నాడే లాండ్రీ యజమానురాలి దగ్గర జీతం మీద అడ్వాన్సు తీసుకుని, ఒక్కతే కొట్టుకి వెళ్ళి, చేతులెత్తి చూసుకుని ఉన్ని కోటు కొనుక్కుంది. తన అన్నయ్యకి కారణం చెప్పలేదు. పాతది లాండ్రీలో కాలిపోయిందంది. ఆ అబద్ధం ఆవిడ చేత ఆడించింది తానేనని ఆయనకి తెలుసు. అడ్వాన్సు తాను తీరుస్తానని రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ ఆవిడ విననట్టే ఊరుకుంది. మూడోసారి అనే మొహం లేకపోయింది.

ఆ అడ్వాన్సులో ఇంకా సగం బాకీ ఉంది. నెలనెలా ఆవిడ జీతంలోంచే కోసుకుంటున్నారు.